సంచి వైపు భుజం

పదకొండేళ్ళుగా ఒకే భుజానికి సంచి.
విజయనగరం నుంచి రాజాం, రాజాం నుంచి విజయనగరం,
రోజుకు నాలుగు సింగిళ్ళు.
చిల్లరకి బరువేముంటుంది అనుకుంటారు ఎక్కేవాళ్ళు.
గోతి గోతికీ అది కొంచెం పెరుగుతుంది.

వైశాఖంలో ఒక తెల్లవారుజామున
జడ వేసుకోబోతే ఎడమచెయ్యి చెవి దగ్గర ఆగిపోయింది.
సగం జడతోనే డిపోకి వెళ్ళాను.
డ్రైవరు ముత్యాల్రావు అద్దంలో చూసి ఏమీ అనలేదు.
ఆ రోజు మాత్రం గోతుల పక్క నుంచి పోనిచ్చాడు.

మర్నాటి నుంచి ప్రతి టికెట్టుతోనూ ఒక మాట చింపి ఇచ్చాను:
మర్దనా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
నేర్చుకున్న మనిషి కావాలి. ఆడమనిషైతే మేలు.

నెల్లిమర్లలో, మిల్లు షిఫ్టు దిగి ఎక్కినాయన
"నేర్చుకోడానికేటుంది తల్లీ, పిండి పిసకడమే కదా" అన్నాడు.
గరివిడిలో ఎక్కిన ముసలమ్మ
"ఒలే, నువ్వుల నూనిలో ఎల్లిపాయలు మరగబెట్టీ" అని మొదలుపెట్టి
దిగేలోపు ముగ్గురు కోడళ్ళ నడుంనొప్పులూ చెప్పింది.
నేనివ్వాల్సిన రెండు రూపాయలు మాత్రం మరిచిపోలేదు.
కాలేజీ కుర్రాడొకడు ఫోన్లో చుక్కలు చూపించాడు,
ఊళ్ళోనే, మెయిన్ రోడ్డు మీద, నాలుగున్నర చుక్కలు.

వెళ్ళాను.
అద్దాల తలుపు, ఏసీ, ఎక్కడినించో వాన చప్పుడు.
బయట మాత్రం ఎండ మాడ్చేస్తోంది.
అరగంటకి ఇంత, గంటకి ఇంత అని కార్డు ఇచ్చారు.
ఏ భుజం అని ఎవరూ అడగలేదు.
గోడ మీద సర్టిఫికెట్టు ఉంది, దగ్గరికి వెళ్ళి చదివాను.
పన్ను కట్టినందుకు ఇచ్చింది.

తాలింఖానాలో ఒకప్పుడు పట్లు నేర్పిన లెంక సూరయ్య
"మూడు పట్లలో లేస్తాదమ్మా" అన్నాడు.
మూడో పట్టుకి నేను లేచాను, భుజం లేవలేదు.
డబ్బు పుచ్చుకోలేదు,
అందుకని కోపం తెచ్చుకోడానికీ కుదరలేదు.

ఆ వారమే వేళ్ళకి తిమ్మిరి మొదలైంది.
సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే
రూపాయినీ రెండు రూపాయల్నీ విడదీసే చూపుడువేలు
తప్పులు చెప్పసాగింది.

"ఒకసారి ఇంటికి రండి" అన్నది దమయంతి.
రెండేళ్ళుగా చీపురుపల్లిలో ఎక్కి పాసు చూపించే మనిషి.
పాసు పట్టుకున్న చేతినే నేను చూశాను.
ఆవిడ నా భుజాన్ని చూస్తూనే ఉందట.

రైలు గేటు దాటాక రేకుల గది.
బల్ల మీద ఉతికిన దుప్పటి, కడుక్కోడానికి సబ్బు, బక్కెట్టు.
ముందు స్టూలు మీద కూర్చోబెట్టి అడిగింది:
"ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా?"

రోజుకు రెండొందలసార్లు నేనడిగే ప్రశ్న.
నన్నెవరూ అడగనిది.
మెడలో ఎక్కుతుందన్నాను,
భుజం దగ్గర చాలాసేపు ఆగుతుంది,
మోచెయ్యి మీదుగా చూపుడువేల్లో దిగుతుంది.

సుగర్ ఉందా అంది. రాత్రి నిద్ర పడుతోందా.
గ్లాసు చేతిలోంచి జారుతోందా.
రెండు వేళ్ళు నొక్కమంది, రెండు చేతులతోనూ, గట్టిగా.
తర్వాత తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.
"ఇది మెడలో పుట్టిన నొప్పిలా ఉంది.
ఇప్పుడు నాను సెయ్యి ఎయ్యకూడదు.
ముందు ఎముకల డాక్టరికి సూపించు, ఫొటో తీయించు.
ఆయన సరే అంటే అప్పుడు రా."

సిగ్గుపడుతూనే అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావని.
బీరువాలో చీరల కింద నుంచి తీసి చూపించింది,
విశాఖలో రెండేళ్ళు, మడత దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది.
"అడిగితే మంచిదే. ఎవులూ అడగరు" అంది.

ఫొటో తీయించాను. డాక్టరు కాగితం రాశాడు.
ఇప్పుడు మంగళవారాలు ఆ రేకుల గదిలో
ఆవిడ చెయ్యి మెడ దగ్గర తొందరలేకుండా నడుస్తుంది,
నొప్పి ఉన్నచోట ఆగి, దిగేవాళ్ళున్నారా అన్నట్టు చూసి,
మళ్ళీ కదులుతుంది.

జడ ఇంకా పూర్తిగా పడటం లేదు.
సంచి కుడి భుజానికి మార్చాను.
ఎవరైనా వంద నోటు ఇస్తే
చెయ్యి ఇప్పటికీ పాత వైపే వెతుక్కుంటుంది.